భజన మందిరంలో చుట్టాలుండరు

సంక్రాంతి వెళ్లి, విదేశాల నుంచి వచ్చినవాళ్ల పెట్టెలు మళ్లీ శంషాబాద్ దారి పట్టగానే మన దగ్గర ఏటా ఒక విమర్శ మొదలవుతుంది. వాళ్లు ఊళ్లో రామమందిరంలో కూర్చుని నాలుగు కీర్తనలు పాడి వెళ్లారట. అదంతా చిన్ననాటి ముచ్చటే తప్ప భక్తి కాదట. ఊరి మీద బెంగను తీసుకొచ్చి దేవుడి ఖాతాలో వేస్తున్నారట. చదువుకున్నవాళ్లు దీన్ని ‘నాస్టాల్జియా’ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. కాస్త కరుగ్గా మాట్లాడేవాళ్లు ‘మూడ్రోజుల భక్తి’ అంటారు. పెళ్లి పందిట్లో విన్నా, పత్రికలో చదివినా, హైదరాబాద్‌లో స్థిరపడిన బంధువుల ఇంట్లో కూర్చున్నా ఇదే తీర్పు. చివరికి ఆ వచ్చినవాళ్లే దీన్ని నమ్మడం మొదలుపెట్టారు. మందిరం గుమ్మంలో నిలబడి, “ఏదో చిన్నప్పటి అలవాటు బాబాయ్, ఊరికే ఒకసారి చూసి పోదామని” అంటూ సంజాయిషీ చెప్పుకుంటున్నారు. ఆ సంజాయిషీ విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, వాళ్ల చేత ఆ మాట అనిపించినవాళ్ల మీద.

నేను వెళ్లినవాణ్ని కాను, ఉండిపోయినవాణ్ని. తెనాలి చుట్టుపక్కల ఒక ఊళ్లో భజన సమాజంలో తాళాలు పట్టుకుని కూర్చునేవాణ్ని. వాళ్లు వచ్చి కూర్చునేది మా పక్కన. వాళ్ల గొంతు కలిసేది మా గొంతుతో. అది భక్తా, ముచ్చటా అని తీర్పు చెప్పేవాళ్లు ఒక్కసారైనా ఆ జంపఖానా మీద కూర్చుని చూశారా అన్నది నా మొదటి ప్రశ్న.

‘మూడ్రోజుల’ లెక్క ముందు చూద్దాం. భజన సమాజమంటే ఏడాది పొడుగునా అందరూ హాజరుండే చోటని ఎవరన్నారు? మా ఊళ్లో ఏనాడూ అలా లేదు. పెళ్లయిన ఆడపిల్ల అత్తారింటికి పోయేది. ధనుర్మాసంలో పుట్టింటికొస్తే తెల్లవారుజామునే తలమీద నీళ్లు పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని, మందిరానికొచ్చి తన పాత చోట కూర్చునేది. పెళ్లికి ముందు ఏ కీర్తన ఎత్తేదో ఆ కీర్తన మళ్లీ తనే ఎత్తేది. ఊళ్లో ఉన్నన్నాళ్లూ పాడేది, పండగ వెళ్లగానే పోయేది. “పుట్టింటి మీద బెంగతో పాడుతోంది, ఇది భక్తి కాదు” అని ఆ పిల్లను ఎవరూ అనలేదు. పైగా ఆడపడుచు వస్తోందంటే ఆ కీర్తనను ఆమె కోసం అట్టేపెట్టేవాళ్లు. ఉత్తరాంధ్ర నుంచి రంగూన్ ఓడ ఎక్కినవాళ్లు, ఖరగ్‌పూర్ రైల్వేలో పనికి తరలిపోయినవాళ్లు సెలవు దొరికినప్పుడు రావడం, సొంతవూరి భజనలో కలవడం, పోవడం ఇలాగే సాగింది. రాకపోకలను లెక్కలో పెట్టుకునే ఈ సమాజాలు నిలబడ్డాయి. రైలెక్కి వెళ్లినవాడి మీద, ఎద్దుబండెక్కి వెళ్లిన ఆడపిల్ల మీద లేని అనుమానం విమానమెక్కినవాళ్ల మీదే ఎందుకు?

ఇంకా లోతుకు వెళ్తే, మేం పాడే పాటలే ఊరొదిలినవాళ్లవి. రామదాసుగా పిలుచుకునే కంచర్ల గోపన్న సంగతి వేరు, ఆయనకు భద్రాచలం కళ్లెదుటే ఉంది. త్యాగయ్యగారి ఇంటిపేరు చూడండి, కాకర్ల. అది ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఊరు. ఆ ఊరి నుంచి కావేరి గడ్డకు తరలిపోయిన కుటుంబం ఆయనది. 1767లో పుట్టిందీ, 1847లో కన్నుమూసిందీ తమిళ దేశంలోనే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఇవాళ డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న మన పిల్లల ఇళ్లు కూడా అంతే కదా, ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష. కచేరీ వేదిక మీద ఆయన పంచరత్నాలు విని చప్పట్లు కొట్టే మనం ఒక సంగతి మరిచిపోతాం. ఆయన దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు పదిమంది కలిసి పాడుకోవడానికి చేసినవి. ఉంఛవృత్తి చేస్తూ వీధుల్లో పాడుతూ తిరిగిన మనిషి ఆయన. తాను ఎన్నడూ కలవని, తనకంటే ఎంతో ముందరివాడైన రామదాసును ‘ప్రహ్లాద భక్తి విజయం’లో తలుచుకున్నారు. గోదావరి ఒడ్డున పాడినవాడితో కావేరి ఒడ్డున ఉండి గొంతు కలిపారు. నారాయణ తీర్థులవారిది కూడా మా గుంటూరు వైపు కాజ అనీ, తరంగాలు పుట్టింది తమిళనాట వరహూరులో అనీ మా పెద్దలు చెబుతారు. దూరం పోయినవాళ్ల భక్తి నికరమైనది కాదంటే ముందు ఈ పాటలన్నీ ఆపెయ్యాలి. అప్పుడు మా హార్మోనియానికి పని చాలా తగ్గుతుంది.

ఇక ఆ ‘నాస్టాల్జియా’ సంగతి. జ్ఞాపకం ఒంటరిగా కూర్చున్నా వస్తుంది. ఫోన్‌లో పాత ఫొటో చూసుకున్నా, యూట్యూబ్‌లో రామదాసు కీర్తన పెట్టుకున్నా కళ్లు తడుస్తాయి. దానికి టికెట్టు కొనుక్కుని ఇంత దూరం రానక్కర్లేదు. భజనలో జరిగేది అది కాదని నేను కళ్లారా చూశాను, చెవులారా విన్నాను.

ఒక ధనుర్మాసంలో మా వీధి ఆడపడుచు వచ్చింది. నడివయసు దాటింది, అమెరికాలో ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం. “ఏవమ్మా, ఒక కీర్తన ఎత్తు” అన్నారు హార్మోనియం మాష్టారు. “ఒక్క చరణం గుర్తు లేదండీ, నిజంగా లేదు” అంది. నిజమే, పల్లవి తర్వాత ఏముందో చెప్పలేకపోయింది. మాష్టారే శ్రుతి పట్టి పాట ఎత్తారు. పల్లవి రెండోసారి తిరిగేసరికి ఆమె గొంతు వంతలో ఉంది. అనుపల్లవి, మొదటి చరణం, మళ్లీ పల్లవి. వయసు మీద పడ్డ మాష్టారు రెండో చరణం వదిలేసి మూడోది అందుకోబోయారు. మేమంతా ఆయన వెంటే వెళ్లబోయాం. ఆమె మాత్రం రెండో చరణం మీదే నిలబడింది. మాష్టారు వెనక్కి తగ్గి ఆమెతో కలిశారు. తాను సరిదిద్దానని ఆమెకు తెలియను కూడా తెలియదు, ఒళ్లో మూలుగుతున్న మనవరాలిని జోకొడుతూ పాడుతోంది. ఇంకో సంగతి. ఆ చరణం చివర మా ఊళ్లో ఒక సాగదీత ఉంది. వెనకటి గురువెవరో పెట్టిన సంగతి అది, ఏ రికార్డులోనూ ఉండదు, పక్క ఊరివాళ్లు పాడరు. ఆమె అది కూడా పాడింది. విడిగా అడిగితే నోటికి రాని పాట పదిమందిలో కూర్చుంటే వచ్చింది. ఆ పాట ఆమె ఒక్కదానిదే అయితే ఎప్పుడో పోయుండేది. అది సమాజం మొత్తం దగ్గర ఉంది, అందులో ఆమె వంతు ఆమె దగ్గర ఉంది. పోయిన మాష్టార్ల దగ్గర నేర్చుకున్న వంతులు ఇప్పుడు కొన్ని డాలస్‌లో ఉన్నాయి, కొన్ని సింగపూర్‌లో ఉన్నాయి. వాళ్లు వచ్చి కూర్చున్న రోజు పాట పూర్తవుతుంది. దీన్ని బెంగ అని ఎలా అంటాం?

“అక్కడి నుంచే వీడియోలో కలవొచ్చుగా” అనేవాళ్లకూ జవాబుంది. 2020లో మందిరాలకు తాళాలు పడ్డప్పుడు మేమూ జూమ్‌లో భజన పెట్టుకున్నాం. తాళం కుదరలేదు. ఇక్కడ వేసిన తాళం అక్కడ వినపడేసరికి ఒక మాత్ర ఆలస్యం, అక్కడి వంత ఇక్కడికి చేరేసరికి ఇంకో మాత్ర. పదిమంది ఒకేసారి పాడితే అంతా గోల. చివరికి ఒకరు పాడటం, మిగిలినవాళ్లు మైకు కట్టేసి పెదాలు కదపడం అయింది. ఇంటర్నెట్‌లో ప్రసంగం వినొచ్చు, పూజ చూడొచ్చు. వంత పాడటానికి మాత్రం మనిషి పక్కన మనిషి కూర్చోవాల్సిందే. వాళ్లు రావడం అందుకే అవసరం.

నమ్మకం గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. దేవుడి మీద గురి పోయిందనీ, అయినా పాడాలనిపిస్తోందనీ, అది తప్పా అనీ ఒక కుర్రాడు మాష్టార్ని అడిగాడు. “ఆ సంగతి నువ్వూ ఆయనా చూసుకోండి నాయనా, నువ్వు తాళం తప్పకుండా చూడు” అన్నారాయన. ఇంతకంటే నేను చేర్చేదేమీ లేదు.

పిల్లల విషయంలో ఈ విమర్శకులు మరీ కఠినం. అమెరికాలో పుట్టిన పిల్లకు తెలుగే సరిగా రాదు, కీర్తన అర్థం కాదు, చిలకపలుకులు పలికించి ఏం లాభం అంటారు. అయ్యా, ధనుర్మాసంలో మా మందిరంలో రోజుకో పాశురం చొప్పున ముప్పై పాశురాల తిరుప్పావై పాడతాం. అది తమిళం. తెలుగు లిపిలో అచ్చేసిన చిన్న పుస్తకం చూసి పాడిన మా నాయనమ్మకు తమిళం ఒక్క ముక్క రాదు. ఇరవయ్యేడో పాశురం రోజున పాయసం గంగాళాలు పెట్టాలని తెలుసు, ఆ పాశురం ఏ రాగంలో ఎత్తాలో తెలుసు. విష్ణు సహస్రనామం చదివే ఆడవాళ్లలో సంస్కృతం వచ్చినవాళ్లెందరు? అర్థం వచ్చాకే నోరు విప్పాలన్న నియమం మన ఊళ్లలో ఎన్నడూ లేదు. ముందు నోటికి వచ్చేది, అర్థం ఏళ్ల మీద మెల్లగా తెలిసేది, కొంత ఎప్పటికీ తెలిసేది కాదు. నాయనమ్మకు చెల్లిన పద్ధతి మనవరాలికి ఎందుకు చెల్లదు? ధనుర్మాసం డిసెంబరు మధ్యలో మొదలై భోగితో ముగుస్తుంది. ఆ పిల్లల బళ్లకు సెలవులు పడేదీ దాదాపు అప్పుడే. ఏటా ఆ నెలలో పది రోజులు నగర సంకీర్తన వెంట నడిచిన పిల్లకు, మంచులో గొంతులు ఎలా కలుస్తాయో తెలుస్తుంది. అది పుస్తకం చెప్పే అర్థం కాదు గానీ, అదీ అర్థమే.

వీటన్నిటికంటే నాకు కోపం తెప్పించే వాదన ఇంకొకటుంది. అది మెచ్చుకోలు వేషంలో వస్తుంది. “మీరు పాడక్కర్లేదండీ, మీ అభిమానం చాలు, గ్రానైట్ వేయించండి” అనేది. 2015లో ‘శ్రీమంతుడు’ సినిమా వచ్చాక ఊరిని దత్తత తీసుకోవడమనే మాట అందరి నోటా పడింది. బడికి, మంచినీళ్లకు డబ్బిచ్చినవాళ్లకు చేతులెత్తి దణ్ణం పెడతాను, అక్కడ కావలసింది డబ్బే. ఆ లెక్కనే మందిరంలోకి తెచ్చి, తిరిగి వచ్చినవాడు చేయగలిగింది విరాళమొక్కటే అనడం ఉంది చూశారూ, అది మందిరాన్నీ చెడగొట్టింది, వాణ్నీ చెడగొట్టింది.

మా పక్క ఊళ్లో చూడండి. గచ్చు పోయి గ్రానైట్ వచ్చింది. ఆర్చి కట్టారు. లోపలికి వెళ్లగానే దాతల పేర్లతో నల్లరాతి పలక. నాలుగు దిక్కులా నాలుగు హారన్ స్పీకర్లు. తెల్లవారుజామున ఒకాయన వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టి, మీట నొక్కి, మళ్లీ తాళం వేసుకుని వెళ్తాడు. ఊరంతా పాట వినిపిస్తుంది, మందిరంలో మనిషి ఉండడు. పలక మీద మొదటి పేరున్నాయన ఒక ఏడు వచ్చాడు. చిన్నప్పుడు ఆ మందిరంలో చిడతలు వాయించినవాడు. జంపఖానా మీద కూర్చోబోతుంటే, “అయ్యో, మీరు కింద కూర్చోవడమేంటండీ” అని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చివేశారు. శాలువా కప్పారు. ఫొటో తీశారు. కుర్చీలో కూర్చున్నవాడు వంత పాడడు, వింటాడు. తన డబ్బుతో పరిచిన రాతి మీద కూర్చునే వీలు లేకుండా ఆయన్ను పెద్దమనిషిని చేసి పంపేశారు. రాముడి ముందు అందరూ నేల మీద కూర్చునేది అక్కడొక్కచోటే అన్న సంగతి ఆ కుర్చీ తెచ్చినవాళ్లకు తట్టలేదు. వచ్చినవాణ్ని చుట్టంగా చూసే ప్రతి మర్యాదా ఇలాగే వాణ్ని గుంపులోంచి విడదీస్తుంది.

ఒక అభ్యంతరానికి మాత్రం నేను తల వంచి జవాబు చెప్పాలి. “మీరు చెబుతున్న ఆ మందిరంలోకి మీ చిన్నప్పుడు అందరికీ ప్రవేశం ఉండేదా? కొందరి తీపి గుర్తులను ఊరి గుర్తులంటారేం?” అని అడుగుతారు. ఉండేది కాదు. మెట్ల కింద నిలబడి, చెయ్యి తగలకుండా పైనుంచి జారవిడిచిన ప్రసాదాన్ని దోసిట్లో పట్టుకున్న పిల్లలున్నారు. వాళ్లలో కొందరు ఇవాళ విదేశాల్లో ఉన్నారు. వాళ్లు ఆ మెట్లెక్కడానికి తిరిగి రావాల్సిన అవసరం ఏమాత్రం లేదు. వాళ్లు తిరిగి వచ్చే చోటు వేరే ఉంది. 1878 జూలైలో ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున మిషనరీ క్లౌ దొర నాయకత్వంలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తరాల మనవలు, మునిమనవలు డిసెంబరులో విమానం దిగి పల్లెలో తాతలు కట్టుకున్న చర్చికి వెళ్తారు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు అందుకుంటారు. క్రిస్మస్ ముందు రాత్రుళ్లు ఇంటింటికీ తిరిగి పాడే గుంపులో చేరతారు. పెద్దదిక్కుగా ఉన్న అవ్వ, “ఏరా అబ్బాయా, గొంతు అలాగే ఉందే” అంటుంది. ఇదీ ఆ తిరిగి రావడమే. దీన్నీ మూడ్రోజుల ముచ్చట అనే ధైర్యం ఎవరికైనా ఉంటే ఆ అవ్వ ముందు అనమనండి.

మా మందిరం సంగతికొస్తే, అభ్యంతరం నిజమే గానీ అందులోంచి తీసిన తీర్పు తప్పు. తిరిగి వచ్చినవాళ్లు పాత ఊరిని పాతగానే కోరుకుంటారని విమర్శకులు అనుకుంటున్నారు. నేను చూసింది వేరు. విదేశంలో పుట్టి పెరిగిన ఒక పన్నెండేళ్ల పిల్ల, ప్రసాదం పంచుతుంటే, “వాళ్ల వీధిలో కూడా భజన ఉంది కదా తాతయ్యా, వాళ్లు ఇక్కడికి ఎందుకు రారు?” అని అందరి ముందూ అడిగింది. మందిరంలో ఉన్నవాళ్లకు అందరికీ తెలిసిన సంగతే, పైకి ఎవరూ అనని సంగతి. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ పిల్ల తల్లి మాత్రం వదల్లేదు, మర్నాడు కమిటీ పెద్దల ఇళ్లకు వెళ్లి కూర్చుంది. ఆ ఏడు ఏకాహానికి మాలపల్లి భజన సమాజానికి కూడా కబురు వెళ్లింది. వాళ్లు వచ్చారు, మా అందరికంటే గట్టిగా పాడారు. మా పెద్దలు కొందరు ఆ పూట ఇంట్లోనే ఉండిపోయారు. కొందరు ఇప్పటికీ రావడం లేదు. ఊళ్లో ఉండి రోజూ ముఖాలు చూసుకునే మాకు ఆ మాట అనడం కష్టమైంది. ఊరి మనిషే అయ్యుండి, ఊరికి భయపడక్కర్లేనివాళ్లు అనగలిగారు. తిరిగి వచ్చేవాళ్ల వల్ల మందిరానికి జరిగే మేలు గ్రానైట్‌లో కాదు, ఇక్కడ చూడాలి.

ఊరు చచ్చిపోయింది, ఇంకెక్కడి భజనలు అనేవాళ్లతో నాకు వాదన లేదు. ధనుర్మాసంలో ఒకనాడు తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి మా వీధిలోకి వస్తే చాలు.

ఏకాహం అన్నాను కదా, అదెలా నడుస్తుందో తెలియనివాళ్ల కోసం చెప్తాను. ముక్కోటి ఏకాదశికి మేం ఏకాహం పెడతాం. ఆ పొద్దు పొడిచింది మొదలు మర్నాటి పొద్దు పొడిచేదాకా రామనామం ఆగకూడదు, నడుమ వెలిగించిన అఖండదీపం కొండెక్కకూడదు. ఒక్క సమాజం వల్ల అయ్యే పని కాదు. చుట్టుపక్కల ఊళ్లకు కబురు పంపి, రెండేసి గంటల వంతులు వేసుకుంటాం. సాయంత్రం వంతులకు జనం కిటకిటలాడతారు. అర్ధరాత్రి దాటాక పలచబడతారు. రెండు నుంచి నాలుగు వంతుకు ఒక్కోసారి నలుగురైదుగురే మిగులుతాం. పగలంతా పొలంలో వరి కుప్పలు నూర్చి వచ్చినవాళ్లు, కళ్లు మూతలు పడుతుంటే స్తంభానికి ఆనుకుని నామం అంటుంటారు. సరిగ్గా ఆ వేళకు, అమెరికా నుంచి ఆ వారమే దిగినవాళ్లకు నిద్ర పట్టదు. వాళ్ల ఒళ్లు ఇంకా అక్కడి పగటిలోనే ఉంటుంది. మూడేళ్లుగా ఆ వంతు వాళ్లే మోస్తున్నారు. దీపంలో నూనె చూసుకుంటూ, మమ్మల్ని కాసేపు నడుం వాల్చమని పంపి, గొంతు తడారిపోతే మంచినీళ్లు తాగి మళ్లీ అందుకుంటూ నాలుగు దాకా నడిపిస్తున్నారు. ఇది ఎవరూ ఫొటో తీయని వేళ.

కాబట్టి వచ్చే ముక్కోటికి రాబోయేవాళ్లకు నా మనవి ఇదొక్కటే. గుమ్మంలో నిలబడి సంజాయిషీ చెప్పకండి. తాళాలు గూట్లో ఉంటాయి, తీసుకోండి. కీర్తనల నోటుబుక్కు మాష్టారి దగ్గరుంది. అందులో చివరి పేజీలు చెదలు తిన్నాయి, మీకు వచ్చినవి అడిగి రాయించుకుంటారు. రెండు నుంచి నాలుగు వంతుకు ఈసారి పేర్లు ఇంకా చాల్లేదు.